ఆసుపత్రి తెరిచే ఉంది, దారి మూసేశారు



ఈ వారం ధ్యానం కొంచెం కటువుగా ఉంటుంది. ఇది చదివి కొందరు ఫోను చేసి "అయ్యగారూ, ఆ కరోనా సంగతులు ఇప్పుడెందుకు, అయిపోయాయి కదా" అంటారని నాకు తెలుసు. ఎవరికి అయిపోయాయి? బిడ్డను పోగొట్టుకున్న తల్లిని అడగండి, అయిపోయాయని చెబుతుందేమో చూద్దాం.

మొన్న ఒక జ్ఞాపకార్థ కూడికకు వెళ్ళాను. ప్రార్థన చేసిన పెద్దాయన, "ప్రభువా, ఆ కరోనా కాలంలో మా సహోదరిని నీ చిత్త ప్రకారం నీ దగ్గరకు పిలుచుకున్నావు" అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. ఆ ఆమేన్ నా నోట రాలేదు. ఎందుకంటే ఆ సహోదరి కరోనాతో చనిపోలేదు. ఆమెకు కరోనా రానే లేదు. గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్. విశాఖపట్నంలో వైద్యం మొదలైంది. 25 కరెంట్లు పెట్టాలి, వాటితోపాటు వారం వారం కీమో అన్నారు. 11 కరెంట్లు అయ్యాయి. శనాదివారాలు మెషీను ఉండదు కాబట్టి 2020 మార్చి 21, శనివారం నాడు పాసింజరు ఎక్కి ఇంటికి వచ్చింది. పిల్లల్ని చూసుకొని సోమవారం పొద్దున్నే వెళ్దామనుకుంది. ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ రాత్రినుండి దేశమంతా పాసింజరు రైళ్ళు ఆగిపోయాయి. మన రాష్ట్రంలో కూడా లాక్‌డౌన్ అన్నారు. మంగళవారం రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టీవీలో కనబడి దేశమంతటికీ 21 రోజులు అన్నారు. నాలుగు గంటల వ్యవధి ఇచ్చారు. మళ్ళీ ఆర్టీసీ బస్సు రోడ్డెక్కింది మే 21న. సరిగ్గా రెండు నెలలు.

ఆ రెండు నెలలు బస్సు ఆగింది, రైలు ఆగింది, బడి ఆగింది, గుడి ఆగింది, మన ఆరాధన కూడా ఆగింది. ఆమె కడుపులో గడ్డ మాత్రం ఆగలేదు. తిరిగి వెళ్ళేసరికి, మొదట పెట్టిన కరెంటు ఫలితం చాలావరకు పోయిందన్నారు. ఆ సంవత్సరం ఆమె క్రిస్మస్ చూడలేదు.

దీనికి మనం పెట్టిన పేరు దేవుని చిత్తం.

ప్రియులారా, మనుషులు సంతకం పెట్టిన ఉత్తర్వుల కింద దేవుని సంతకం పెట్టకండి. ఈ రోజు నా వాదన అంతా ఇదే. ఆ కాలంలో క్యాన్సర్ రోగులకు జరిగినది ప్రకృతి వైపరీత్యం కాదు. అది వైరస్ చేసిన పని కూడా కాదు. ఒక ఏర్పాటు చేసేటప్పుడు కొందరిని లెక్కలోకి తీసుకోనందువల్ల జరిగింది. లెక్కలోకి తీసుకొని ఉంటే చాలావరకు జరిగేది కాదు. వేరేచోట్ల తీసుకున్నారు కూడా, ఆ సంగతి తరువాత చెబుతాను.

ముందు న్యాయంగా మాట్లాడుకుందాం. మార్చి 24న వచ్చిన కేంద్ర ఉత్తర్వులో ఆసుపత్రులు మూయమని ఎవరూ రాయలేదు. ఆసుపత్రులు, మందుల షాపులు, ల్యాబులు, అంబులెన్సులు అన్నిటికీ మినహాయింపు ఉంది. కాగితం మీద వైద్యం ఒక్కరోజు కూడా ఆగలేదు. అధికారులను అడిగితే ఈ రోజుకీ అదే చెబుతారు: మేము ఆసుపత్రులు మూయలేదు అని. నిజమే. ఆసుపత్రి తెరిచే ఉంది. ఆసుపత్రికి వెళ్ళే దారి మూసేశారు.

పట్నంలో ఉన్నవాళ్ళకు ఈ తేడా అర్థం కాదు. వాళ్ళకు ఆసుపత్రి అంటే ఒక కట్టడం. మనకు ఆసుపత్రి అంటే పొద్దున్న నాలుగున్నరకు లేచి, క్యారేజీ కట్టుకొని, ఆటోలో స్టేషనుకు వెళ్ళి, పాసింజరు ఎక్కి, దిగి, సిటీ బస్సు పట్టుకొని, క్యూలో నిలబడి, సాయంత్రం దాకా మెట్లమీద కూర్చొని, మళ్ళీ అదంతా వెనక్కి చేయడం. ఇందులో ఒక్క ముక్క తెగినా మనకు ఆసుపత్రి లేనట్టే. ఆ మార్చిలో అన్ని ముక్కలూ ఒకే రాత్రి తెగిపోయాయి. పాసు తీసుకోవచ్చుగా అంటారు. పాసు కోసం ఫోనులో దరఖాస్తు చేయాలి, ఆధారు పెట్టాలి, ఆసుపత్రి కాగితం పెట్టాలి. సరే, చదువుకున్న కుర్రాడు ఎవరో పెట్టిస్తాడు. పాసు వస్తుంది. కారు ఎవరు ఇస్తారు? వారంలో ఐదు రోజులు, ఐదు వారాలు వెళ్ళవలసిన రోగి రోజూ కారు కట్టుకొని వెళ్తుందా? అక్కడే ఉండిపోవాలంటే లాడ్జీలు మూసేశారు, సత్రాలు మూసేశారు, మెస్సులు మూసేశారు. చెట్టు కింద పడుకుంటే పోలీసు లాఠీ. మినహాయింపు రాసినవాళ్ళు డాక్టరు గురించి ఆలోచించారు, మందు గురించి ఆలోచించారు. రోగి కాళ్ళ గురించి ఆలోచించలేదు.

ఇక్కడ ఒక మాట. మన రైల్వేలో క్యాన్సర్ రోగి వైద్యానికి వెళ్తే స్లీపరు క్లాసులో టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళేవాళ్ళకు నాలుగింట మూడు వంతులు తగ్గింపు. చాలా మంచి ఏర్పాటు. మన సంఘంలో చాలామంది వాడుకున్నారు, తెలియనివాళ్ళు ఇప్పుడైనా తెలుసుకోండి. ఈ రాయితీ ఉందంటే దాని అర్థం ఏమిటి? క్యాన్సర్ రోగి దూరంనుండి రైల్లో వస్తుంది, సొంత కారులో రాదు అని ప్రభుత్వానికి ఎప్పటినుండో తెలుసు. తెలిసి కూడా రైళ్ళు ఆపిన రోజు ఆ రోగిని గుర్తు చేసుకోలేదు.

ఆ రోజుల్లో వాట్సాప్‌లో తిరిగిన ఒక సంగతి మీకందరికీ జ్ఞాపకం ఉంటుంది. తమిళనాడులో కుంభకోణం వైపునుండి ఒక పెద్దాయన, అరవై దాటిన కూలిమనిషి, క్యాన్సర్‌తో ఉన్న భార్యను సైకిలు వెనక కూర్చోబెట్టుకొని, పడిపోకుండా తనకు కట్టుకొని, వంద కిలోమీటర్లకు పైగా తొక్కి పుదుచ్చేరిలోని జిప్మర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కీమో తేదీ దాటిపోకూడదని. అక్కడి డాక్టర్లు వైద్యం చేసి, మందులిచ్చి, అంబులెన్సులో ఇంటికి పంపారు. ఈ కథను మన బోధకులు ఎంతమంది చెప్పారో నాకు లెక్కలేదు. భార్యను ప్రేమించుట అంటే ఇది అని చెప్పారు. నేను కాదనను. ఆ మనిషి ప్రేమ గొప్పదే. కాని ఆ కథలో మనం చూడవలసిన మొదటి సంగతి ప్రేమ కాదు. ఒక ముసలాయన అలా తొక్కవలసి రావడం. దానికి చప్పట్లు కొట్టి ఊరుకున్నాం. సైకిలు తొక్కలేని వాళ్ళు ఎంతమంది ఇంట్లోనే ఉండిపోయారో వాళ్ళమీద ఏ ప్రసంగమూ రాలేదు.

వాళ్ళు ఎంతమందో కొంతవరకు తెలుసు. మన దేశంలో క్యాన్సర్ ఆసుపత్రులు కలిసి పెట్టుకున్న నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ అని ఒకటుంది. అందులోని 41 ఆసుపత్రుల లెక్కలు తీసి డాక్టర్లు 2021లో లాన్సెట్ ఆంకాలజీ అనే పత్రికలో వేశారు. 2019లో మార్చి, ఏప్రిల్, మే మూడు నెలల్లో ఆ ఆసుపత్రులకు కొత్తగా వచ్చిన రోగులు 1,12,270 మంది. 2020లో అవే మూడు నెలల్లో 51,760 మంది. సగానికి పైగా తగ్గారు. పెద్ద ఆపరేషన్లు 49 శాతం తగ్గాయి. బయట వార్డులో ఇచ్చే కీమో 37 శాతం, ముక్క పరీక్షలు 38 శాతం తగ్గాయి. కరెంటు 23 శాతం తగ్గింది.

సగం మందికి ఆ మూడు నెలల్లో క్యాన్సర్ రావడం మానేసిందా? అంత గొప్ప అద్భుతం జరిగితే మనం సాక్ష్యాల కూడిక పెట్టుకోవాలి. ఆ 60 వేల మంది ఎక్కడికీ పోలేదు. ఇళ్ళల్లోనే ఉన్నారు. రొమ్ములో గడ్డ తగిలినా పైటచెంగు కప్పుకొని, నోట్లో పుండు మానకపోయినా పసుపు రాసుకొని, బస్సులు వదిలాక చూద్దాంలే అనుకుంటూ ఉన్నారు.

ఆ లెక్కల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటి ఉంది. తగ్గుదల పెద్ద నగరాల్లోని ఆసుపత్రుల్లో ఎక్కువ, చిన్న పట్టణాల్లోని ఆసుపత్రుల్లో తక్కువ. ఎందుకు? చిన్న పట్టణంలోని ఆసుపత్రికి ఏదో ఒకటి పట్టుకొని రావచ్చు. నగరంలోని పెద్ద ఆసుపత్రికి రోగులు వచ్చేది దూరంనుండి. జనం భయపడి రాలేదు అని కొందరు అంటారు కదా. భయం ఒక్కటే కారణమైతే అన్నిచోట్లా ఒకేలా తగ్గాలి. కాబట్టి భయం కూడా ఉంది గాని, దూరం చేసిన పని కనబడుతూనే ఉంది.

ఇక ఆలస్యం అయితే ఏమవుతుంది? కొందరు చదువుకున్నవాళ్ళే అడిగారు, ఒక నెల లేటైతే కొంప మునిగిపోతుందా అని. 2020 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కెనడా, ఇంగ్లాండు డాక్టర్లు పాత పరిశోధనలన్నీ కలిపి చూసి చెప్పారు. ఏడు రకాల క్యాన్సర్లలో, వైద్యం నాలుగు వారాలు ఆలస్యమైన ప్రతిసారీ చావు ప్రమాదం 6 నుండి 13 శాతం వరకు పెరుగుతుంది. ఇది ప్రతి నాలుగు వారాలకూ అని మరిచిపోకండి. కీమో సాధారణంగా 21 రోజులకు ఒకసారి. దేశాన్ని మూసిన మొదటి విడత కూడా 21 రోజులే. లాక్‌డౌన్ ఒక్కొక్కసారి పొడిగించినప్పుడల్లా మనకు సెలవులు పెరిగాయి, వాళ్ళకు ఒక కీమో పోయింది. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కు కరెంటు అంతా మొదలైన ఎనిమిది వారాలలోపు ముగియాలని డాక్టర్ల నియమం. మన సహోదరికి మధ్యలో వచ్చిన ఖాళీయే ఎనిమిది వారాలు.

ఒక మాట గురించి చెప్పాలి. 2020 మార్చి 20న కేంద్ర ఆరోగ్య శాఖ ఆసుపత్రులన్నిటికీ ఒక సూచన పంపింది. అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా వేయండి అని. కరోనా రోగులకు పడకలు కావాలి గనుక అందులో తప్పు లేదు. మోకాలి చిప్ప ఆపరేషను ఆగవచ్చు, కంటి శుక్లం ఆగవచ్చు. కాని అత్యవసరం అంటే ఏమిటి? మన లోకానికి తెలిసిన అత్యవసరం రక్తం కారుతూ, స్ట్రెచరు మీద, సైరను మోతతో వస్తుంది. క్యాన్సర్ అలా రాదు. చీర కట్టుకొని, ఫైలు చంకలో పెట్టుకొని, నడిచి వస్తుంది. "నమస్తే అండి, పోయిన నెల రమ్మన్నారు" అంటుంది. నడిచి వచ్చిన రోగి అత్యవసరం కాదని వెనక్కి పంపేశారు. తరువాత ఆమె స్ట్రెచరు మీద వచ్చినప్పుడు అత్యవసరం అయింది, కాని అప్పటికి ఆపరేషను చేసే దశ దాటిపోయింది. ఏప్రిల్ నెలాఖరుకు అదే ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు మళ్ళీ రాయవలసి వచ్చింది, ప్రైవేటు ఆసుపత్రులు డయాలసిస్, రక్తం ఎక్కించడం, కీమో వంటివి చేయడానికి వెనుకాడుతున్నాయి, అలా జరగకుండా చూడండి అని. అప్పటికి నెల రోజులు దాటిపోయింది.

నిజమైన అత్యవసరం వచ్చినవాళ్ళ గతి ఇంకా ఘోరం. కీమో ఎక్కించుకున్న మనిషికి తెల్ల కణాలు పడిపోతాయి. ఆ సమయంలో జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు. గంటలోపు యాంటీబయాటిక్ ఇంజెక్షను పడాలి, లేకపోతే రక్తం విషమై ప్రాణం పోతుంది. ఇది కీమో ఇచ్చే ప్రతి నర్సుకూ తెలుసు, రోగికి ఇచ్చే కాగితం మీద కూడా ఉంటుంది. ఇప్పుడు ఆ 2020ని తలుచుకోండి. జ్వరం అనే మాట నోట వస్తే చాలు, గేటు దగ్గరే ఆపేవారు. ముందు కరోనా టెస్టు, రిపోర్టు వచ్చాక లోపలికి. రిపోర్టు రావడానికి రోజులు పట్టిన కాలం అది. గంటలో పడవలసిన ఇంజెక్షనుకు రోజుల కాపలా! పక్క మండలంలో తొమ్మిదేళ్ళ బాబు, రక్త క్యాన్సర్. వాళ్ళ నాన్న మూడు ఆసుపత్రుల గేట్ల దగ్గర ఆగాడు. ఏ ఆసుపత్రో నేను చెప్పను, మూడింటిదీ ఒకటే సమాధానం. నాలుగోచోట ఒక డ్యూటీ డాక్టరమ్మ, ముఖానికి మాస్కు, పైన చేతికి దొరికిన కవరేదో వేసుకొని, ఆటోలోనే ఇంజెక్షను చేసింది. ఆ బాబు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. ఆ డాక్టరమ్మ ఏ మతస్థురాలో నాకు తెలియదు, అడగలేదు.

రక్తం సంగతి కూడా ఇంతే. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు. కాలేజీల్లో, ఆఫీసుల్లో శిబిరాలు పెట్టి సేకరిస్తారు. కాలేజీలు, ఆఫీసులు మూతబడితే ఆ వారమే కొరత వచ్చేస్తుంది. నొప్పి సంగతి చెప్పాలంటే నాకు చేతులు ఆడవు. చివరి దశలో ఉన్నవాళ్ళకు మార్ఫిన్ మాత్ర తప్ప వేరే దారి లేదు. అది మన ఊరి మందుల షాపులో దొరకదు, గుర్తింపు ఉన్న ఆసుపత్రిలోనే ఇస్తారు. అక్కడికి వెళ్ళే దారి లేదు. నొప్పి తగ్గించే వైద్యానికి పంపిన రోగులు కూడా ఆ మూడు నెలల్లో 29 శాతం తగ్గారని పైన చెప్పిన లెక్కల్లోనే ఉంది. నొప్పి 29 శాతం తగ్గిందని కాదు దాని అర్థం. ఆ ఇళ్ళల్లో రాత్రిళ్ళు ఎలా గడిచాయో పక్క ఇళ్ళవాళ్ళకు తెలుసు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. "అయితే లాక్‌డౌన్ పెట్టకూడదా? పెట్టకపోతే ఇంకా ఎక్కువమంది పోయేవారు కదా? క్యాన్సర్ రోగికే కరోనా ఎక్కువ ప్రమాదం కదా?" మంచి ప్రశ్న. వైరస్ అబద్ధం అనే వాళ్ళ పక్కన నేను నిలబడను. 2021 ఏప్రిల్, మే నెలల్లో నేను ఎన్ని సమాధుల దగ్గర నిలబడ్డానో మీకు తెలుసు. ఎడం పాటించాలి, జాగ్రత్త కావాలి. కొన్ని వైద్యాలు నిజంగానే ఆగవచ్చు. నెమ్మదిగా పెరిగే క్యాన్సర్లు ఉన్నాయి, చూపించుకొని వెళ్ళే మామూలు చెకప్పులు ఫోనులో అయిపోతాయి, కొందరికి ఇంజెక్షను బదులు మాత్రలు ఇవ్వవచ్చు. ఏది ఆగుతుందో ఏది ఆగదో డాక్టరు చూసి చెబితే నాకు అభ్యంతరం లేదు. బస్సు చెప్పకూడదు.

చేయడం సాధ్యమేనా అంటే, చేసి చూపించారు. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి క్యాన్సర్ ఆపరేషన్లు ఆపలేదు. మార్చి 23 నుండి ఏప్రిల్ 30 వరకు, అంటే లాక్‌డౌన్ బాగా బిగించి ఉన్న రోజుల్లో, 494 పెద్ద ఆపరేషన్లు చేశారు. ఆపరేషను తరువాత ఒక్కరు కూడా చనిపోలేదు. ఆరుగురికి తరువాత కరోనా వచ్చింది, ఆరుగురూ కోలుకున్నారు. కేరళలో తిరువనంతపురం క్యాన్సర్ కేంద్రానికి రాలేనివాళ్ళకు వాళ్ళ జిల్లా ఆసుపత్రుల్లోనే కీమో ఇచ్చే ఏర్పాటు చేశారు, ఫైరింజన్ సిబ్బంది చేత మందులు ఇళ్ళకు పంపించారు. మంటలార్పే మనిషి మందుల సంచి పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు! అక్కడా లాక్‌డౌన్ ఉంది, అక్కడా వైరస్ ఉంది. ముందుగా కేసులు వచ్చింది అక్కడే. తేడా ఏమిటంటే, రోగి రాలేదు అని వాళ్ళు ముందే ఒప్పుకున్నారు.

61 దేశాల్లో 20 వేలమంది రోగులను చూసిన ఇంకొక పరిశోధన ఉంది, అదీ 2021లో వచ్చిందే. ఆంక్షలు తక్కువగా ఉన్నచోట ఆపరేషను జరగకుండా మిగిలిపోయిన క్యాన్సర్ రోగులు వందకు ఒక్కరు కూడా లేరు. పూర్తి లాక్‌డౌన్ ఉన్నచోట ఏడుగురిలో ఒకరు. అలా మిగిలిపోయే ప్రమాదం పేద దేశాలవాళ్ళకే ఎక్కువ. పరుగెత్తలేనివాడే ముందు పడిపోతాడు అని మన పెద్దలకు ఏ పత్రికా చెప్పనక్కరలేదు.

2021లో అయినా పాఠం నేర్చుకున్నామా? మే నెలలో ఆంధ్రనుండి హైదరాబాదుకు వెళ్తున్న అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపేశారు. ఆసుపత్రిలో పడక ఉందని ముందుగా అనుమతి తెచ్చుకోవాలట. లోపల ఆక్సిజను మీద మనిషి, బయట కాగితం కోసం వాదన. హైకోర్టు కలుగజేసుకొని ఆపితే గాని దారి తెరవలేదు. నిన్నటిదాకా ఒకే రాష్ట్రం, ఒకే భాష, ఒకే ఆసుపత్రి. ఎవరి ప్రభుత్వం అని నేను పార్టీ లెక్కలు చూడటం లేదు. ఆ చెక్‌పోస్టు దగ్గర నిలబడ్డ కర్ర ఏ పార్టీదైనా కర్రే.

అయితే కర్రలు ప్రభుత్వమే వేయలేదు, అది కూడా చెప్పాలి. ఊళ్ళ పొలిమేరల్లో తుమ్మకంపలు, కరెంటు స్తంభాలు అడ్డం వేసిందెవరు? మన కుర్రాళ్ళే. అందులో ఆదివారం కీబోర్డు వాయించేవాళ్ళు కూడా ఉన్నారు. బయటివాళ్ళు రాకూడదని వేశారు. లోపలివాళ్ళు ఆసుపత్రికి ఎలా వెళ్తారు అని ఎవరూ అడగలేదు. పట్నంలో కీమో చేయించుకొని గుండు తలతో, నీరసంతో దిగిన మనిషిని చూసి తలుపులు వేసుకున్నారు. కరోనా తెచ్చిందన్నారు. నీళ్ళ కుళాయి దగ్గరకు రానివ్వలేదు. కీమోకి జుట్టు ఊడుతుందని తెలియని కాలమా ఇది? ఇంకొందరు బోధకులు, వాళ్ళ పేర్లు నేను చెప్పను, యూట్యూబులో కూర్చొని, ఆసుపత్రులు మూసి దేవుడు మనకు విశ్వాసం నేర్పుతున్నాడు, మందులు వదిలి ప్రార్థన పట్టుకోండి అన్నారు. దారి లేక ఆగిపోయినవాళ్ళకు ఆ మాట ఒక సాకు అయింది. దారి తెరిచాక కూడా కొందరు వెళ్ళలేదు.

వాక్యంలోకి వస్తే, కపెర్నహూములో పక్షవాయువు గలవాని సంగతి మనకు బాగా తెలిసినదే. స్వస్థపరచువాడు ఇంట్లోనే ఉన్నాడు. రోగి బయట ఉన్నాడు. మధ్యలో గుంపు. ఆ నలుగురు ఏం చేశారు? దేవుని చిత్తం అనుకొని మంచం వెనక్కి మోసుకుపోలేదు. గుంపు చెదిరాక రేపు వద్దామనలేదు. పైకప్పు విప్పారు. ఆ ఇల్లు ఎవరిదో, కప్పు బాగుచేయడానికి ఎంత అయిందో సువార్తలో లేదు. ప్రభువు వాళ్ళమీద కోప్పడ్డట్టూ లేదు. మంచి సమరయుని కథలో మనం ఎప్పుడూ దయ గురించే చెబుతాం. మన తెలుగు బైబిలులో అతడు గాయపడినవాణ్ణి ఎక్కించిన జంతువుకు వాడిన మాట "వాహనము". అతడు చేసిన పని చూడండి: కట్టు కట్టాడు, వాహనం ఎక్కించాడు, పూటకూళ్ళ ఇంట్లో బస చూపించాడు, ఖర్చుకు డబ్బిచ్చాడు, మళ్ళీ వస్తానన్నాడు. వైద్యం, బండి, బస, ఖర్చు, తిరిగి చూడటం. 2020లో మన ఉత్తర్వులో మొదటిది ఉంది, మిగిలిన నాలుగూ లేవు.

అందుకే రేపు ఇంకొక జబ్బు వచ్చినా, తుపానుకు వంతెనలు కొట్టుకుపోయినా, కర్ఫ్యూ పెట్టినా, మనం పంచాయతీలో, మండలంలో, ఓటు అడగడానికి వచ్చినవాళ్ళను అడగవలసింది ఇదే. కీమోలో, కరెంటులో, డయాలసిస్‌లో ఉన్నవాళ్ళ పేర్లు పీహెచ్‌సీలో ఒక పుస్తకంలో ఉన్నాయా? దారులు మూసిన మరుసటి పొద్దున వాళ్ళ ఇంటికి ఏ బండి వస్తుంది? పట్నంలో ఎక్కడ పడుకుంటారు? జిల్లా ఆసుపత్రిలో కీమో ఎక్కించే నర్సు ఉందా? జ్వరంతో వచ్చిన కీమో రోగికి టెస్టు ముందా, ఇంజెక్షను ముందా? ఆ రెండేళ్ళలో వైద్యం మధ్యలో ఆగి చనిపోయినవాళ్ళ లెక్క ఈ మండలంలో ఎంత? కరోనా మృతులను రోజూ సాయంత్రం టీవీలో లెక్కపెట్టారు. వీళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదు. పరిహారం అడుగుదామన్నా వీళ్ళ కాగితం మీద కరోనా అని లేదు.

ఇంకొకటి. ఆ రెండేళ్ళు ఆశా అక్కలు, ఏఎన్ఎమ్‌లు ఇంటింటికీ కరోనా సర్వే చేస్తూ తిరిగారు. 30 ఏళ్ళు దాటినవాళ్ళకు నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం చూసే పరీక్షలు వెనకబడ్డాయి. అప్పుడు వాయిదా వేసినవాళ్ళు కొందరు ఇప్పటికీ వాయిదాలోనే ఉన్నారు. మా ఉత్తరాంధ్రలో అడ్డపొగ అలవాటు ఉన్న పెద్దమ్మలు, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకొని చుట్ట కాల్చేవాళ్ళు, అంగిలి మీద తెల్ల మచ్చ ఉంటే దాచుకోకండి. కోడలితో చెప్పడానికి సిగ్గైతే పాస్టరమ్మతో చెప్పండి.

మన సంఘంలో, చుట్టుపక్కల మూడు ఊళ్ళలో ఇప్పుడు వైద్యంలో ఉన్నవాళ్ళు ఏడుగురు. వాళ్ళ ఆసుపత్రి తేదీలు, ఫోను నంబర్లు, రక్తం గ్రూపులు ఒక నోటు పుస్తకంలో రాసి పాస్టరమ్మ దగ్గర ఉంచాం. ఆటో ఉన్న ముగ్గురు సహోదరులు, కారు ఉన్న ఒక ఉపాధ్యాయుడు పేర్లిచ్చారు. ఆ ఉపాధ్యాయుడు మన సంఘస్థుడు కాదు, తానే వచ్చి రాయించుకున్నాడు. గురువారం పొద్దున నాలుగు ముప్పావుకు బయలుదేరే బండిలో ఇంకొక తోడు మనిషి కావాలి, ఆ పెద్దమ్మకు చదువు రాదు, ఫైలు పట్టుకొని కిటికీల దగ్గర తిరగాలి. ఓ పాజిటివ్, బి నెగటివ్ రక్తం ఉన్న యౌవనస్థులు ఆదివారం ఆరాధన అయ్యాక ఆగండి. విశాఖలో ఆసుపత్రి దగ్గరలో ఒక గది ఉన్నవాళ్ళు ఎవరైనా ఈ పేజీ చదువుతుంటే, అద్దె చెప్పి నాకు ఫోను చేయండి.